రంగుచేపల వ్యాపారం: పొత్తు కుదిరితేనే లాభం, కుదరకపోతే తరుగే

(మా వాణిజ్య విలేఖరి)

గుంటూరు మిరప టిక్కీలైనా, దుగ్గిరాల పసుపు బస్తాలైనా, అనకాపల్లి బెల్లం దిమ్మలైనా గోదాములో చేర్చి తాళం వేస్తే ఒకదానితో ఒకటి కలహించవు. తేమ, పురుగు, ఎలుక తప్ప వాటికి వేరే శత్రువులు లేవు. రంగుచేపల సరుకు అలాంటిది కాదు. రాత్రి పక్కపక్కన వదిలిన రెండు రకాలలో ఒకటి తెల్లవారేసరికి తోక తెగి కనిపించడం, కొన్నిసార్లు అసలే కనిపించకపోవడం కద్దు. ఈ వ్యాపారంలో కొత్తగా దిగినవారిని దెబ్బతీస్తున్నది ధరల పతనం కాదు, తొట్టిలో జరిగే ఈ తరుగే.

మన దేశంలో రంగుచేపల టోకు వ్యాపారానికి కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలు మొదటినుంచీ కేంద్రాలు. కలకత్తాలో గాలిఫ్ స్ట్రీట్ ఆదివారపు సంత పేరు పొందినది. హౌరా, హుగ్లీ, 24 పరగణాల ప్రాంతాలలో పెరటి కుంటలలోనే చేపపిల్లలను పెంచి అమ్మే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మద్రాసు శివారులోని కొళత్తూరు పెంపకానికి, టోకు అమ్మకానికి కూడా పేరు పడ్డది. తెలుగునాట చిల్లర వర్తకులు చాలామంది పై ఊళ్ల సరుకు మీదనే ఆధారపడుతున్నారు. దూరంనుంచి సంచులలో వచ్చే సరుకు గనుక ఇక్కడి వర్తకునికి ఎంపికలోను, నిల్వలోను జాగ్రత్త మరీ అవసరం.

తరుగు లెక్క

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. చేప ఒక్కటి 10 రూపాయల చొప్పున 100 చేపలు కొంటే పెట్టుబడి 1,000 రూపాయలు. ఇందులో 20 చచ్చిపోతే మిగిలిన 80 చేపల మీద అసలు ధర 12 రూపాయల 50 పైసలు పడుతుంది. అంటే 20 శాతం తరుగుకు కొనుగోలు ధర 25 శాతం పెరిగినట్లు. సగం పోతే అసలు రెట్టింపు. రవాణా, కరెంటు, మేత ఖర్చులు దీనికి అదనం. టోకు బేరంలో చేపకు అర్ధరూపాయి తగ్గించుకోవడానికి గంటసేపు వాదించే వర్తకుడు, తొట్టిలో పోయే రెండున్నర రూపాయలను లెక్కలోకి తీసుకోకపోవడం విచిత్రమే.

ఇంతకంటె పెద్ద నష్టం చిట్టాలో కనిపించదు. పిల్లవాడి ముచ్చట కోసం తొట్టి కొన్న తండ్రి, వారం తిరగకుండా చేపలన్నీ తేలిపోతే మళ్లీ దుకాణం గడప తొక్కడు. తొట్టిని అటకెక్కిస్తాడు. మేత, మందులు, ఫిల్టర్లు, మొక్కలు కొనవలసిన ఖాతాదారు అలా ఒక్క వారంలో చేజారిపోతాడు.

ముందు నీరు, తరువాత సరుకు

ఏ చేపకు ఏది తోడు అన్న ప్రశ్నకు ముందు రెండింటికీ ఒకే నీరు సరిపడుతుందా అని చూడాలి. తెలుగునాట చాలాచోట్ల బోరు నీటికి కాఠిన్యం ఎక్కువ. ఇటువంటి నీరు గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ రకాలకు బాగా ఒప్పుతుంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సునుంచి వచ్చిన సిక్లిడ్ రకాలు సైతం కఠినమైన నీటినే కోరతాయి. దక్షిణ అమెరికా అమెజాన్ పరీవాహకానికి చెందిన నియాన్ టెట్రా, డిస్కస్ రకాలకు మాత్రం మెత్తని, కొద్దిగా ఆమ్లగుణం గల నీరు కావాలి. మోలీని, డిస్కస్‌ను ఒకే తొట్టిలో వేసి అమ్మితే రెండింటిలో ఒకటి నలగక తప్పదు.

వేడిమి సంగతీ అంతే. ఉష్ణమండల రకాలకు 24 నుంచి 28 డిగ్రీల సెంటీగ్రేడు అనువు. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాదు రాత్రులలో హీటరు లేని తొట్టి నీరు ఇంతకంటె బాగా చల్లబడుతుంది. తెల్లమచ్చల జబ్బు తలెత్తేది ఎక్కువగా అటువంటి హెచ్చుతగ్గుల తరువాతనే. గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప. పైగా ఎక్కువ మలినం విడుస్తుంది. దాన్ని ఉష్ణమండల రకాలతో కలిపి అమ్మడం అలవాటైనా, సరియైన జోడింపు మాత్రం కాదు.

కుళాయి నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. నీటిని ఒక రోజు తెరిచి ఉంచడమో, సోడియం థయోసల్ఫేట్ వాడడమో చేయాలి. శుద్ధికి క్లోరమీన్ కలిపే చోట నిలవ ఉంచినంత మాత్రాన అది పోదు.

కలిసేవి, కలవనివి

తొట్టిలో పొత్తు కుదరడానికి చూడవలసినవి నాలుగు: నీరు, పరిమాణం, స్వభావం, తిరిగే మట్టం. ఒకదాని నోట మరొకటి పట్టేటట్లయితే ఆ రెండూ కలిసి ఉండలేవు. ఏంజెల్ చేపను నాణెమంత సైజులో కొని నియాన్ టెట్రాలతో వేసినవారు, ఆరేడు నెలలకు టెట్రాలు ఒక్కొక్కటే మాయమవుతుంటే ఆశ్చర్యపోతారు. ఏంజెల్ పెరిగింది, టెట్రా పెరగలేదు. అంతే సంగతి. ఆస్కార్ సైతం పిల్లగా ఉన్నప్పుడు ముచ్చటగానే ఉంటుంది. పెరిగితే అడుగు పొడవుకు చేరుతుంది, నోట పట్టిన ప్రతి చేపనూ మింగుతుంది.

టైగర్ బార్బ్ రకానికి పొడవైన రెక్కలను కొరికే అలవాటు. ఏంజెల్, గౌరామి, ఫైటర్, గప్పీలతో దాన్ని కలపరాదు. దీన్ని రెండు మూడు కాక, ఆరు లేక అంతకు మించి ఒక గుంపుగా ఉంచితే కీచులాట తమలో తామే తీర్చుకుని ఇతరులను కొంత వదిలేస్తాయి. జతగా అమ్మడం వర్తకునికి సులువు. కాని ఈ రకాన్ని అరడజనుగా అమ్మడమే ఉభయులకు మేలు.

ఫైటర్ మగచేపలు రెండింటిని ఒక తొట్టిలో వేయరాదని అందరికీ తెలిసినదే. ఫ్లవర్‌హార్న్‌కు ఏ తోడూ పనికిరాదు, విడి తొట్టి కావాలి. వాస్తు పేరిట గిరాకీ ఉన్న అరోవానాకు కూడా విడి తొట్టే క్షేమం.

పేచీలేని సరుకు కావలసినవారికి గప్పీ, మోలీ, ప్లాటీలు పైమట్టానికి, మధ్యమట్టానికి, కోరిడోరస్ అడుగుమట్టానికి, జీబ్రా డానియో గుంపు చురుకుదనానికి చాలును. కోరిడోరస్‌కు ఉప్పు గిట్టదు గనుక మోలీల కోసం ఉప్పు వేసే తొట్టిలో దాన్ని ఉంచరాదు. రెండడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు గల తొట్టిలో అంచుదాకా నింపితే పట్టే నీరు సుమారు 56 లీటర్లు. అందులో చిన్న రకాలు 12 నుంచి 15 మించకుండా ఉంటే మంచిది.

తొట్టి, చేపలు ఒకే రోజున అమ్మరాదు

దుకాణాలలో సాధారణంగా జరిగే పొరపాటు ఇదే. కొత్త తొట్టిలో నీరు తేటగా కనిపించినంత మాత్రాన అది సిద్ధమైనట్లు కాదు. చేపల మలినంనుంచి పుట్టే అమ్మోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులో, గులకరాళ్లలో స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి రోజునే పాతిక చేపలు అంటగట్టిన వర్తకుడు ఆనాటి గల్లా చూసుకుని సంతోషించవచ్చు. వారం తరువాత వచ్చే ఫిర్యాదు కూడా అతనిదే. మొదట తొట్టి, నాలుగైదు గట్టి రకం చేపలు, నెలన్నర తరువాత మిగిలినవి అమ్మితే అమ్మకం తగ్గదు, రెండుసార్లుగా వస్తుంది.

పై ఊరి సరుకును వచ్చిన రోజునే ప్రదర్శన తొట్టిలోకి వదలరాదు. కనీసం రెండు వారాలు వేరుగా ఉంచాలి. ఆ తొట్టి వలను, బకెట్టును మరొక తొట్టికి వాడరాదు. సంచిని నీటిపై 15, 20 నిమిషాలు తేలనిచ్చి, తొట్టి నీరు కొద్దికొద్దిగా కలిపి, చేపలను వలతో తీసి వదలాలి. సంచి నీటిని తొట్టిలో పోయరాదు. పంపేవారు ఒక రోజు ముందునుంచే మేత ఆపి, సంచిలో మూడో వంతు నీరు, మిగతా ప్రాణవాయువు నింపి, థర్మోకోల్ పెట్టెల్లో సర్దడం మంచి పద్ధతి. ఎండాకాలంలో రాత్రి రవాణాయే శ్రేయస్కరం.

పిల్లల పెంపకం: ఎక్కడ లాభం?

తొట్టిలోనే సరుకు పెంచుకునే వీలున్న వ్యాపారం ఇది. మొదలుపెట్టేవారికి పిల్లలను కనే రకాలు అనువైనవి. గప్పీ సుమారు నాలుగు వారాలకు ఒకసారి పిల్లలను కంటుంది. ఒక మగకు రెండు, మూడు ఆడచేపలు ఉండాలి. లేనియెడల మగచేపలు వెంటబడి ఆడచేపను అలసటతోనే చంపుతాయి. తల్లి తన పిల్లలను తానే తినే జాతి గనుక నాచు, తేలే మొక్కల వేళ్లు దట్టంగా ఉండాలి. లేదా కనగానే తల్లిని వేరుచేయాలి.

ఇక్కడ కొనుగోలుదారులు గమనించవలసిన ముఖ్యాంశం ఒకటి ఉన్నది. గప్పీ ఆడచేప ఒకసారి కలిసిన మగచేప బీజాన్ని నెలల తరబడి దాచుకుని, అనేక కాన్పులకు వాడుకోగలదు. మేలిరకం మగచేపను ఎంత ధర పెట్టి తెచ్చినా, ఆడచేప అంతకు ముందే నాటు మగతో కలిసి ఉంటే వచ్చే పిల్లలు నాటువే కావచ్చు. అందుచేత మేలిరకం పెంపకందార్లు నాలుగైదు వారాల వయసు దాటకుండానే, గుర్తు తెలిసీ తెలియగానే ఆడ, మగలను వేరుచేస్తారు. జత ధర చెప్పేవారిని ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ రకాలు ఒకదానితో ఒకటి దాటి సంకరజాతి పుడుతుంది. రకం నిలబెట్టుకోవాలంటే ఆ రెండింటినీ కలపరాదు.

గుడ్లు పెట్టేవాటిలో జీబ్రా డానియో సులువైనది. గుడ్లు చెదరగొట్టి, తానే తింటుంది. అడుగున గోలీలు పరిస్తే గుడ్లు సందుల్లోకి జారి బతుకుతాయి. ఫైటర్ మగచేప నీటిపై బుడగల గూడు కట్టి గుడ్లను కాస్తుంది. గుడ్లు పెట్టిన వెంటనే ఆడచేపను, పిల్లలు స్వయంగా ఈదడం ప్రారంభించగానే మగచేపను తీసివేయాలి. ఏంజెల్ జత తమకు తామే ఏర్పడాలి. ఆరేడు పిల్లలను కలిపి పెంచితే వాటిలో ఒకటో రెండో జతలు కుదురుతాయి. నిలువుగా నిలబెట్టిన పలక మీదనో, వెడల్పాటి ఆకు మీదనో గుడ్లు పెడతాయి. రెండు, మూడు రోజులకు పిల్లలు బయటపడతాయి. మొదటి ఈతల్లో తల్లిదండ్రులు గుడ్లు తినేయడం మామూలే. ఓపిక పట్టాలి.

పిల్లల మొదటి వారాలే గట్టెక్కవలసినవి. ఉప్పునీటిలో 24 నుంచి 36 గంటలలో పొదిగే ఆర్టీమియా పిల్లలు అన్నిటికంటె మంచి మేత. మరీ చిన్న పిల్లలకు ఇన్‌ఫ్యూసోరియా కావాలి. మురుగుకాల్వల్లో పట్టిన ట్యూబిఫెక్స్ పురుగులు చవకే గాని, కడగకుండా వేస్తే మేతతోబాటు జబ్బును కూడా కొన్నట్లే. ఒకే తొట్టి సంతతిని తరతరాలుగా దాటిస్తే రంగు, సైజు, రోగనిరోధకశక్తి తగ్గుతాయి. అప్పుడప్పుడు బయటి జతలను తెచ్చుకోవాలి.

అడవి సరుకు, అమ్ముడుపోని సరుకు

పశ్చిమ కనుమల వాగుల్లో పుట్టిన ‘మిస్ కేరళ’ చేపకు విదేశాలలో గిరాకీ పెరిగి, అదుపులేకుండా పట్టడంతో అది అపాయంలో ఉన్న జాతుల అంతర్జాతీయ జాబితాకు ఎక్కింది. కొచ్చిలోని పరిశోధకులు దీనిని హేచరీలో పుట్టించగలిగారు. వాగు సరుకుకు, హేచరీ సరుకుకు తేడా తెలుసుకుని, వన్యప్రాణి చట్టం ఏమంటున్నదో చూసుకున్న తరువాతనే దీని బేరానికి దిగాలి.

పెద్దదై, ఎవరూ కొనని చేపలను చెరువులో వదిలే అలవాటు మరొక ముప్పు. తొట్టి గోడల పాచి తింటుందని అమ్మిన సక్కర్ చేప అలాగే చెరువుల్లో చేరి, దెయ్యం చేప అనే పేరుతో మన రాష్ట్రాల జాలర్లకు తలనొప్పిగా మారింది. ముళ్లతో వలలు చింపుతుంది, తినే చేపలకు అందవలసిన మేతను కాజేస్తుంది. ఎవరి దుకాణంలో పది రూపాయలకు అమ్ముడైన పిల్లో గాని, దాని నష్టం చెరువు మీద బతికేవాని వల మీద పడుతున్నది. ఎంత పెరుగుతుందో అమ్మేటప్పుడే చెప్పడం, పెరిగిన చేపను తిరిగి తీసుకోవడం వర్తకుని బాధ్యత.

ప్రతిరోజూ దుకాణం కట్టేముందు ఏ తొట్టిలో ఏ రకం ఎన్ని చచ్చిపోయినదీ ఒక పుస్తకంలో రాసుకోవడం మంచిది. నెల తిరిగేసరికి ఏ పొత్తు చెడ్డదో, ఏ ఊరి సరుకు నాసిరకమో, ఏ నీరు సరిపడలేదో ఆ పుస్తకమే చెబుతుంది. తదుపరి ఆర్డరు దాన్ని చూసి రాసేవారికి ఈ వ్యాపారంలో తరుగు తగ్గక మానదు.