నాలుగు డాలర్ల కోడిపిల్ల

శివరాత్రి దాటి చలి వెనకడుగు వేస్తుందనగా అమెరికాలో వ్యవసాయ సరుకులు అమ్మే దుకాణాల్లో ఒక మూల నుంచి కిచకిచలు మొదలవుతాయి. గొడ్లకు నీళ్లు పోసే రేకు తొట్లు వరసగా పెట్టి, అడుగున చెక్క పొట్టు పరిచి, పైన ఎర్ర దీపాలు వేలాడదీస్తారు. తొట్టి నిండా నిన్నో మొన్నో గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్లలు. గుర్రాల దాణాకో ముళ్లకంచెకో వచ్చినవాళ్లు అక్కడ ఆగకుండా పోలేరు. ‘చిక్ డేస్’ అని దీనికి పేరు. డాలస్ శివార్లలోనో నార్త్ కరోలైనాలోనో పెరడున్న ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు కూడా ఇప్పుడు ఆ తొట్ల చుట్టూ కనిపిస్తున్నాయి. “నాన్నా, ఆ పచ్చది కొందామా” అని పిల్లవాడు అడిగితే కాదనడం ఎవరి తరం? ధర చూస్తే మూడు నాలుగు డాలర్లు. కాఫీ కన్నా చవక.

గుడ్ల ధర కూడా జనాన్ని ఇటు తోసింది. 2022 ఫిబ్రవరి నుంచి బర్డ్ ఫ్లూ అమెరికా కోళ్ల ఫారాలను వదలలేదు. 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు చేరింది. పెరట్లో కోళ్లు పెంచుకోవడం గురించి వ్యవసాయ మంత్రి బ్రూక్ రోలిన్స్ టీవీలో మాట్లాడారు కూడా. అయితే కొన్న పిల్ల పెట్టయి తొలి గుడ్డు పెట్టేసరికి దాదాపు ఐదు నెలలు. అప్పటిదాకా దాణా, గూడు, కంచె ఖర్చులు కలిపితే ఆ మొదటి డజను గుడ్లు దుకాణంలో దొరికే ఏ గుడ్డు కన్నా ఖరీదైనవే. సరదాకి పెంచుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. పొదుపు కోసం అని చెప్పేవాళ్ల లెక్కే నాకు అర్థం కాదు.

అసలు ఆ పిల్ల తొట్టిలోకి ఎలా వచ్చింది? హేచరీలో 21 రోజుల పొదుగు పూర్తయి బయటపడగానే దాన్ని అట్టపెట్టెలో సర్ది పోస్టులో వేస్తారు. వింటే వింతగా ఉంటుంది గానీ అమెరికా తపాలా శాఖ 1918 నుంచీ కోడిపిల్లలను మోస్తోంది. గుడ్డులోంచి వచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటుంది. ఆ బలంతో మూడు రోజుల వరకు తిండీ నీళ్లూ లేకుండా ఉండగలదు. వ్యాపారమంతా ఆ 72 గంటల మీదే నడుస్తోంది. గడువు దాటితే ఏమవుతుందో 2025 వసంతంలో డెలావేర్ రాష్ట్రం చూసింది. తపాలా కేంద్రం దగ్గర ఒక ట్రక్కులో దాదాపు 12,000 పిల్లలు మూడు రోజులకు పైగా ఉండిపోయాయి. తలుపు తీసేసరికి వేలకొద్దీ చచ్చిపడి ఉన్నాయి. మిగిలినవాటిని ఒక జంతు సంరక్షణ కేంద్రానికి చేర్చారు. బయట తిరిగి వచ్చిన పిల్లలను రోగ భయంతో హేచరీ వెనక్కి తీసుకోలేదు. అమ్మినవాడే మళ్లీ తన గడప తొక్కనివ్వని పిల్లను మనం స్నానాల గదిలో పెంచుతామన్నమాట.

ప్రతి పెట్టెకీ ఆ గతి పట్టదు. కానీ చలిగాలి తగిలి, దాహంతో, కుదుపులతో వచ్చిన పిల్లల్లో కొన్ని దుకాణం చేరిన మొదటి రెండు మూడు రోజుల్లోనే వాడిపోతాయి. రెట్ట అంటుకుని ఎండిపోయి మలద్వారం మూసుకుపోవడం వీటిలో మామూలు. వెంటనే గోరువెచ్చని నీళ్లతో తడిపి తుడవకపోతే పిల్ల దక్కదు. వందల పిల్లల్లో ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసే తీరిక క్యాషియర్ పని, బస్తాలెత్తే పని కూడా చేసే కుర్రాడికి ఎక్కడిది?

మన ఊళ్లలో ఈ పనంతా పెట్ట చేసేది. గంప కింద పొదిగేసిన పెట్ట పిల్లల్ని రెక్కల కింద వెచ్చగా ఉంచుతుంది, నూక గింజ ఎలా పొడవాలో చూపిస్తుంది, గద్ద నీడ పడితే అరిచి పిలుస్తుంది. కంటికి కనిపించని మరో పని కూడా చేస్తుంది. తల్లి వెంట మట్టి గీరుకుంటూ తిరిగే పిల్ల పేగుల్లోకి మేలుచేసే సూక్ష్మజీవులు ఆ తల్లి రెట్ట నుంచే చేరతాయి. పెద్దకోడి పేగుల్లోని పదార్థాన్ని పట్టిస్తే పసిపిల్లలు సాల్మొనెల్లా బ్యాక్టీరియాను తట్టుకుంటాయని 1973లో ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు నుర్మి, రంటాలా చూపించారు. మిషన్‌లో పొదిగి, పెట్టెలో ప్రయాణించి, తొట్టిలో పడిన పిల్ల పేగు ఖాళీ ఇల్లు. ముందు ఎవరొస్తే వాళ్లదే.

ఆ ముందొచ్చేది సాల్మొనెల్లా అయితే పిల్ల చలాకీగానే ఉంటుంది, జబ్బు పడేది మనం. 2020లో, కోవిడ్ రోజుల్లో ఇళ్లలో కూర్చున్న అమెరికన్లు ఎగబడి కోడిపిల్లలు కొన్నారు. ఆ ఏడాది పెరటి కోళ్ల నుంచి సోకిన సాల్మొనెల్లా కేసులు 1,722, మొత్తం 50 రాష్ట్రాల్లోనూ. ఒకరు చనిపోయారు. ఇవి పరీక్షల్లో తేలినవే. విరేచనాలు పట్టుకుని రెండు రోజులు మజ్జిగన్నం తిని సర్దుకున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. ఐదేళ్లలోపు పిల్లలను కోడిపిల్లలను తాకనివ్వొద్దనీ, ముద్దులు పెట్టొద్దనీ, వంటింట్లోకి తేవద్దనీ అక్కడి రోగ నియంత్రణ కేంద్రం ఏటా చెబుతూనే ఉంటుంది. దుకాణం మాత్రం ఆ తొట్టిని సరిగ్గా ఐదేళ్లవాడి చెయ్యి అందే ఎత్తులో పెడుతుంది.

హేచరీకి ప్రభుత్వ ధ్రువీకరణ ఉందిగా అంటారు కొందరు. అది 1935లో మొదలైన జాతీయ కోళ్ల అభివృద్ధి పథకం. పుల్లోరం అనే తెల్ల పారుడు రోగం అప్పట్లో పిల్లలను గుంపులు గుంపులుగా చంపేస్తుంటే దాన్ని అరికట్టడానికి పెట్టారు. ఆ పని బ్రహ్మాండంగా చేసింది. అయితే ఆ ధ్రువపత్రం ప్రధానంగా కోడి ఆరోగ్యానికి హామీ. దాన్ని ఎత్తుకున్న చేతికి కాదు.

నా దృష్టిలో ఈ వ్యవహారంలో అన్నిటికన్నా మోసపూరితమైనది మారెక్స్ వ్యాధి. కాళ్లు పడిపోయిన పుంజుల్లో 1907లో హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ దీన్ని గుర్తించాడు. హెర్పిస్ జాతి వైరస్. ఈకల పొట్టుతో గాల్లో తేలి, గూటి దుమ్ములో నెలల తరబడి బతుకుతుంది. పిల్ల దర్జాగా పెరుగుతుంది, పేరు పెట్టుకుంటాం, పిలిస్తే వస్తుంది. రెండు మూడు నెలలకు ఒక పొద్దున ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కీ చాచి పడి ఉంటుంది. మందు లేదు. టీకా ఉంది గానీ వైరస్ తగలకముందే, అంటే మొదటి రోజే హేచరీలో వేయాలి. తరవాత మనమే వేసుకుందామంటే సీసాలో సాధారణంగా వెయ్యి డోసులుంటాయి, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. ఆరు పిల్లలున్న ఇంటికి అది కుదిరే పనేనా! హేచరీ నుంచి నేరుగా తెప్పించుకునేటప్పుడు కాస్త డబ్బు కడితే టీకా వేసి పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. దుకాణం తొట్టిలోని పిల్లకు వేశారా లేదా అన్నది చాలాసార్లు అక్కడ అమ్మేవాళ్లకే తెలియదు.

ఆడా మగా తేడా మరో జూదం. ఒకరోజు పిల్ల మలద్వారాన్ని నొక్కి చూసి చెప్పే విద్యను 1930లలో జపాన్ వాళ్లు ప్రపంచానికి నేర్పారు. హేచరీలు మామూలుగా నూటికి తొంభై కచ్చితత్వానికి మాట ఇస్తాయి. బాగానే ఉంది గానీ, ఆ లెక్కన ‘పెట్టలు’ అని రాసిన తొట్టి నుంచి ఆరు తెచ్చుకుంటే కనీసం ఒకటి పుంజుగా తేలే అవకాశం దాదాపు సగం. ‘స్ట్రెయిట్ రన్’ అని రాసి ఉంటే ఎంపిక చేయని గుంపని అర్థం, సగానికి సగం పుంజులే. నాలుగైదు పెట్టల దాకా అనుమతించే చాలా అమెరికా నగరాలు పుంజును ఒప్పుకోవు. మన ఇళ్లలో అయితే పుంజు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు, కానీ పెరట్లో కోయడాన్ని కూడా నిషేధించిన ఊళ్లున్నాయి. జాతిలోనూ పొరపాట్లు జరుగుతాయి. పచ్చగా ముద్దొచ్చే పిల్ల గుడ్ల లెగ్‌హార్న్ కావచ్చు, మాంసం కోసం పెంచే కార్నిష్ క్రాస్ కావచ్చు. రెండోదైతే రెండు నెలల్లోనే తన బరువు తానే మోయలేక కాళ్లు ఈడుస్తుంది.

మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలని 250 వాట్ల దీపాన్ని గ్యారేజీలో తాడుతో వేలాడదీసేవాళ్ల గురించి ఒక్క మాట: అది పొట్టు మీద పడితే అంటుకుంటుంది. వేడి పలక కొనుక్కోండి.

కొనాలనే ఉంటే పిల్లలు దుకాణానికి వచ్చిన రోజున కాకుండా రెండు మూడు రోజులు ఆగి వెళ్లడం నయం. ప్రయాణానికి తట్టుకోలేనివి అప్పటికి తేలిపోతాయి. ఏ హేచరీ, ఎప్పుడొచ్చాయి, మారెక్స్ టీకా పడిందా అని అడగాలి. సరైన జవాబు రాకపోతే చెయ్యి తొట్టిలో పెట్టకపోవడమే మేలు. రక్తపారుడు రాకుండా మందు కలిపిన దాణా అక్కడే అమ్ముతారు, మంచిదే. అయితే ఆ రోగానికి టీకా వేసిన పిల్లకు ఆ దాణా పెడితే టీకా వృథా. ఇంట్లో ముందే కోళ్లుంటే కొత్తవాటిని నెల రోజులు వేరుగా ఉంచాలి.

మన సంతల్లో, బడుల ముందు గులాబీ రంగూ ఆకుపచ్చ రంగూ అద్ది అమ్మే పిల్లలది ఇదే కథ, ఇంకా ముతక రూపంలో. గుడ్ల హేచరీలు వద్దనుకున్న మగపిల్లలవి. రంగు వెలిసే దాకా కూడా చాలావరకు బతకవు. కొక్కెర తెగులుకు వారం లోపు పడాల్సిన లసోటా టీకా చుక్క వాటికి ఎవరు వేస్తారు? దీనికి విరుగుడు కూడా మన దగ్గరే ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. ఇలాంటి పిల్లలను పేద కుటుంబాలకు ఇచ్చేందుకు తెచ్చిన కేంద్ర పథకంలో ఒకరోజు పిల్లలను నేరుగా పంచకుండా, ‘మదర్ యూనిట్ల’లో నాలుగు వారాలు పెంచి, టీకాలు వేసి ఇవ్వాలని నియమం పెట్టుకున్నారు. అమెరికాలోనూ గుడ్లకు సిద్ధమైన నాలుగు నెలల పెట్టలను అమ్మే చిన్న పెంపకందార్లున్నారు. ధర పిల్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆడదని కళ్లారా తెలుస్తుంది, టీకాల చీటీ అడిగి చూడొచ్చు, నెల తిరిగేసరికి గుడ్డు.