అందరి వంటిళ్లూ బొమ్మల్లోకి

పిల్లల బొమ్మల పుస్తకాల్లో పండుగలుంటాయి, పిండివంటలుంటాయి. మరి ఆదివారం పొయ్యి మీద ఉడికే తలకాయ కూర? ఆ లోటు తీర్చేందుకు హైదరాబాద్‌లోని మహిళా అధ్యయన కేంద్రం అన్వేషి 2008లో 'డిఫరెంట్ టేల్స్' కథల పుస్తకాలు తెచ్చింది. వాటిలో మహమ్మద్ ఖదీర్‌బాబు ముస్లిం ఇంటి తలకాయ కూర కథ చెబితే, గోగు శ్యామల దళిత పిల్లలను కథానాయకులను చేశారు. పుస్తకం అద్దమూ కావాలి, కిటికీ కూడా కావాలన్నది అమెరికా విద్యావేత్త రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో చెప్పిన మాట.

ఇక టీచర్లు పాటించాల్సిన మెలకువ ఒకటే. 'మీ ఇంట్లో ఇంతేనా?' అని ఒక్కరినే నిలబెట్టి అడగకూడదు. ఆదివారం ఏం వండారని అందర్నీ అడగాలి. అప్పుడే క్యారేజీని చాటుగా తెరిచే చిన్నారి, పదిమందిలో మూత తీస్తుంది.