గనిలోకి తీసుకెళ్ళిన పిట్ట

మా పిన్ని పోయాకే నాకు కెనరీ ఫౌండేషన్ గురించి తెలిసింది. ఆ సంస్థ ఉన్న కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో మీదుగానే పన్నెండేళ్ళుగా ఆఫీసుకు వెళ్ళి వస్తున్నా, ఆ పేరు ఒక్కసారీ నా చెవిన పడలేదు.

పిన్నిది తెనాలి దగ్గర పల్లె. ఇక్కడ శనివారం రాత్రి ఫోను చేస్తే అక్కడ ఆదివారం పొద్దున. “రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోందే అమ్మడూ, కుచ్చిళ్ళ దగ్గర బిగుతుగా ఉంటోంది” అంది ఒకసారి. “వాము నమిలి వేణ్ణీళ్ళు తాగు పిన్నీ” అన్నాను. అక్కడి డాక్టరు గారు కూడా గ్యాసేనని మాత్రలు రాశారు. ఐదు నెలలు ఆ మాత్రలతోనే గడిచాయి. చివరికి గుంటూరు తీసుకెళ్ళి స్కానింగ్ తీయిస్తే పొట్టలో నీరు చేరి ఉంది. అండాశయ క్యాన్సర్, మూడో దశ. ఆ ఐదు నెలల్లో ఏ వారం ఏం చేసి ఉండాల్సిందో ఇప్పటికీ లెక్క వేసుకుంటూనే ఉంటాను.

కెనరీ ఫౌండేషన్ పెట్టిన డాన్ లిస్ట్‌విన్ కూడా అలాంటి లెక్కే వేసుకున్న మనిషి. కెనడాలోని సస్కాచెవాన్‌లో చదివిన ఎలక్ట్రికల్ ఇంజనీరు. 1990లో సిస్కో అనే నెట్‌వర్కింగ్ కంపెనీలో చేరి పదేళ్ళలో ఆ కంపెనీ పెద్దల్లో ఒకరయ్యారు. ఆయన తల్లి అనారోగ్యాన్ని మొదట మూత్రాశయ ఇన్ఫెక్షన్ అనుకున్నారు. అండాశయ క్యాన్సరని తేలేసరికి చెయ్యి దాటిపోయింది. 2001లో ఆవిడ కన్నుమూశారు.

కలిగిన కొడుకు తల్లి పేరు మీద ఆసుపత్రిలో వార్డు కట్టించవచ్చు. అదీ మంచి పనే. లిస్ట్‌విన్ మాత్రం సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం తలుపు తట్టారు. అప్పుడు దాని అధిపతి లీ హార్ట్‌వెల్. ఈస్ట్ కణం ఎలా విభజన చెందుతుందో శోధించి 2001లో నోబెల్ బహుమతి పంచుకున్న శాస్త్రవేత్త. క్యాన్సర్‌ను ముదరకముందే పట్టుకోవడం మీద ఆయనకు గట్టి గురి. ఆ సాహచర్యంలోంచే 2004లో కెనరీ ఫౌండేషన్ పుట్టింది. మందుల కోసం, వైద్యం ఖర్చుల కోసం నిధులిచ్చే సంస్థలు అప్పటికే ఎన్నో ఉన్నాయి. క్యాన్సర్‌ను తొలిదశలో కనిపెట్టే పరిశోధనకు మాత్రమే ఖర్చు పెడతామని ఇది గిరిగీసుకుంది.

కెనరీ అంటే పసుపుపచ్చని చిన్న పిట్ట. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా కార్మికులు దీన్ని పంజరంలో పెట్టుకుని లోపలికి దిగేవారు. వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ గనిలో చేరితే మనిషికంటే ముందు ఆ పిట్టే తూలిపోయేది. దాన్ని చూసి మనుషులు పైకి పరిగెత్తేవారు. అండాశయ క్యాన్సర్‌కు ఇప్పటికీ అలాంటి పిట్ట లేదు.

అమెరికా లెక్కల్లో ఈ జబ్బు అండాశయం దాటకముందే దొరికిన 100 మందిలో 90 మందికి పైగా ఐదేళ్ళ తర్వాత బతికే ఉంటున్నారు. దూరానికి పాకాక దొరికితే ఆ సంఖ్య 30కి అటూఇటూ. అయినా తొలిదశలో దొరికేది నూటికి ఇరవై మందిలోనే. అండాశయం బాదంకాయంత ఉండి పొత్తికడుపు లోతులో దాక్కుంటుంది. చేతికి తగలదు, నొప్పి పెట్టదు. 1981లో రాబర్ట్ బాస్ట్ బృందం కనిపెట్టిన సీఏ-125 రక్తపరీక్ష ఒకటుంది. కానీ అది నెలసరిలోనూ పెరుగుతుంది, గర్భసంచిలో మామూలు గడ్డలున్నా పెరుగుతుంది. తొలిదశ క్యాన్సరున్న చాలామందిలో అసలు పెరగనే పెరగదు.

బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలను ఏళ్ళ తరబడి పరిశీలించి 2021లో ప్రకటించిన ఫలితం చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. ఏటేటా రక్తపరీక్ష చేయించుకున్నవాళ్ళలో కొన్ని క్యాన్సర్లు ముందే దొరికాయి. అయినా మరణాలు తగ్గలేదు. “ముందే తెలిస్తే బతికేది కదా” అని పిన్ని కర్మల నాడు అందరం అన్నాం. అది అంత తేలికైన మాట కాదని ఆ రాత్రి అర్థమైంది. ఎంత ముందు? ఏ పరీక్షతో? దొరికినవాటిలో ప్రాణం తీసేది ఏది, ఊరికే పడి ఉండేది ఏది?

ఈ ప్రశ్నల వెంట పడిన వాళ్ళలో నాకు ఎక్కువగా గుర్తొచ్చేది సంజీవ్ శామ్ గంభీర్. అంబాలాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి అరిజోనాలో పెరిగారు. మొదట భౌతికశాస్త్రం, తర్వాత వైద్యం చదివారు. 2003లో స్టాన్‌ఫర్డ్‌కు వచ్చారు. లిస్ట్‌విన్ సంస్థ, ఆ విశ్వవిద్యాలయం కలిసి 2009లో ముందస్తు గుర్తింపు కోసమే ఒక కేంద్రం తెరిచినప్పుడు దానికి ఆయనే డైరెక్టరు. షారన్ హోరీ అనే పరిశోధకురాలితో కలిసి 2011లో ఆయన ఒక గణిత నమూనా ప్రచురించారు. అండాశయ కణితి ఎంత పెరిగితే అది వదిలే ప్రొటీను అప్పటి రక్తపరీక్షకు చిక్కుతుందని అందులో లెక్క కట్టారు. తేలింది ఇది: పదేళ్ళకు పైగా పెరిగి, పాతిక మిల్లీమీటర్లకు చేరితే తప్ప చిక్కదు. పిన్ని విషయంలో నేను ఐదు నెలలు లెక్కపెట్టుకుంటున్నాను. ఆ గడ్డ ఆమె కూతురి పెళ్ళినాటికే కడుపులో ఉండి ఉంటుంది.

రక్తంలో కనిపించనిదాన్ని బొమ్మలోనైనా చూడాలని ఆ కేంద్రంలో మరొకరు పూనుకున్నారు. ఆయన యుర్గెన్ విల్మన్. కణితి తన కోసం పుట్టించుకునే కొత్త రక్తనాళాలకు అతుక్కునే సన్నని గాలి బుడగలను ఒంట్లోకి ఎక్కించి, మామూలు అల్ట్రాసౌండ్‌తోనే వాటిని వెతకడం ఆయన పద్ధతి. రొమ్ము, అండాశయాల్లో గడ్డలున్న స్త్రీల మీద మొదటిసారి చేసిన ప్రయోగ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. మరుసటి జనవరిలోనే ఆయన కారు ప్రమాదంలో పోయారు.

గంభీర్ ఇంట్లో జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. మెదడులో వచ్చే గ్లియోబ్లాస్టోమా అనే క్యాన్సర్ మీద ఆయన పరిశోధన సాగుతున్న రోజుల్లోనే కొడుక్కి అదే జబ్బు వచ్చింది. 2015లో, 16 ఏళ్ళకే ఆ అబ్బాయి పోయాడు. తండ్రి తిరిగి ప్రయోగశాలకు వెళ్ళారు. 2020 జూలైలో, 57 ఏళ్ళకు, ఆయన్నీ క్యాన్సరే తీసుకుపోయింది.

కెనరీ వాళ్ళు పూనుకున్న పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ప్రోస్టేట్ క్యాన్సర్ మీద 2008లో మొదలైన అధ్యయనం. వెయ్యి మందికి పైగా మగవాళ్ళు, అందరికీ క్యాన్సరుంది, కానీ నెమ్మదైన రకం. వెంటనే కోయరు, రేడియేషన్ ఇవ్వరు. కనిపెట్టుకుని ఉంటారు. రక్తం, మూత్రం, ముక్క పరీక్షల నమూనాలు దాచిపెడతారు, ఏది ముదురుతుందో ముందే చెప్పగల గుర్తు వాటిలో దొరుకుతుందేమోనని. క్యాన్సర్ ఉందని తెలిసీ వైద్యం ఆపి చూడటానికి ఒప్పుకున్న ఆ మగవాళ్ళు కూడా నా దృష్టిలో ఈ సంస్థను నిలబెట్టినవాళ్ళే. అవసరం లేని కోత నుంచి ఒక మనిషిని కాపాడటమూ ముందస్తు గుర్తింపులో భాగమే.

ఇక్కడి మన తెలుగు సంఘాల గురించీ ఒక మాట చెప్పాలి. హైదరాబాదులో బసవతారకం ఆసుపత్రి లేచిందంటే అందులో ఇక్కడి తెలుగు డాక్టర్ల చెమట, డబ్బు ఉన్నాయి. క్యాన్సర్‌తో పోయిన భార్య పేరు మీద ఎన్టీ రామారావు తలపెట్టిన ఆ పని 2000లో తలుపులు తెరిచింది. ఎన్నో కుటుంబాలకు అది కొండంత అండ. కట్టడానికీ, యంత్రానికీ, రోగికీ మనం ఇస్తాం. పదేళ్ళు వెతికినా ఏమీ దొరకకపోవచ్చని ముందే తెలిసిన పరిశోధనకు ఇవ్వడం మనకింకా అలవాటు కాలేదు. ఈ ఏడాది మన సంఘం విరాళాల్లో ఒక పాలు అటు మళ్ళించమని కార్యవర్గాన్ని అడిగాను, ఇక్కడా అడుగుతున్నాను.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళాను. పిన్ని కూతురికి వంశపారంపర్య జన్యు పరీక్ష చేయించాలని హైదరాబాదు డాక్టరు గారు చెప్పారు, బంధువుల్లో ఎవరెవరికి ఏ జబ్బులొచ్చాయో రాసుకు రమ్మన్నారు. పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఒక్కొక్కరి పేరూ చెబుతుంటే చెల్లెలు నోటుపుస్తకంలో రాసింది. నాలుగు తరాలు. అమ్మమ్మ చెల్లెలి పేరు దగ్గర, ఆవిడ మేనత్త పేరు దగ్గర పెద్దమ్మ ఒకే మాట అంది: “కడుపు ఉబ్బి పోయింది.” చెల్లెలు ఆ మాటే ఉన్నదున్నట్టు రాసింది.