అటకెక్కే అర్జీ

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర శాసనసభలో దాఖలయ్యే కొన్ని బిల్లులపై, సమర్పించిన సభ్యుని పేరు పక్కన, 'అభ్యర్థన మేరకు' అనే అర్థమిచ్చే రెండు చిన్న మాటలు కుండలీకరణాల్లో కనిపిస్తాయి. ఆ బిల్లును కోరినది సభ్యుడు కాదనీ, ఎవరో ఒక పౌరుడనీ, సభ్యుడు దానిని సభకు చేరవేశాడే తప్ప తప్పనిసరిగా సమర్థిస్తున్నట్టు కాదనీ వాటి భావం. ఉత్తరంలోని సంగతికి పోస్టుమాన్‌కు ఎంత పూచీ ఉంటుందో, ఆ బిల్లుకు సభ్యునికీ అంతే. అయినా ఏ పదవీ, ఏ పార్టీ అండా లేని మనిషి రాసుకొచ్చిన ముసాయిదాకు సంఖ్య పడి, అది గవర్నరు కోరిన బిల్లుల సరసన అదే జాబితాలోకి ఎక్కడం చిన్న విషయం కాదు. ఫ్యాక్టరీల విషపదార్థాలపైనైనా, ఆరోగ్య బీమాపైనైనా, ఎన్నికల ఖర్చుపైనైనా అక్కడి పౌరులు కదలాలనుకుంటే మొదట తట్టే తలుపు ఇదే.

ఈ ఏర్పాటుకు మూలం 1780 నాటి రాష్ట్ర రాజ్యాంగం. జాన్ ఆడమ్స్ ప్రధానంగా రచించిన ఆ పత్రంలోని హక్కుల ప్రకటన, పందొమ్మిదో అధికరణంలో, ప్రజలు శాంతియుతంగా సమావేశమై తమ ప్రతినిధులను ఆదేశించవచ్చనీ, అర్జీలు పెట్టుకోవచ్చనీ చెప్పింది. పౌరులే సంతకాలు సేకరించి చట్టాన్ని నేరుగా ఓటుకు పెట్టే అవకాశం 1918 సవరణతో వచ్చింది.

దాఖలైన బిల్లు ఉభయసభల సంయుక్త కమిటీకి వెళుతుంది. అక్కడ బహిరంగ విచారణ, అంటే ఎవరైనా వచ్చి కొద్ది నిమిషాలు తమ వాదన వినిపించే సమావేశం, జరగడం ఆనవాయితీ. మన దగ్గర 2006 పర్యావరణ ప్రకటన కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ ఒక ప్రాజెక్టుకు సంబంధించినదే గాని చట్టానికి సంబంధించినది కాదు. ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలన్న 2014 నాటి విధానమైతే కేంద్రం తనకు తాను పెట్టుకున్న నియమం మాత్రమే. ఆ కొలతతో చూస్తే మసాచుసెట్స్ పద్ధతి అసూయ పుట్టిస్తుంది. ఆ అసూయ విచారణ ముగిసేవరకే నిలుస్తుంది. ఆ తరువాత కమిటీ చాలా బిల్లులను 'అధ్యయనం' కోసం పంపుతుంది. ఆ అధ్యయనం దాదాపు ఎన్నడూ జరగదని బాస్టన్‌లో అందరికీ తెలుసు. తెలుగులో దీనికి అటకెక్కించడమని పేరు.

అటకెక్కించలేని చట్టం ఎదురైనప్పుడు ఏం జరిగిందో చెప్పే వ్యవహారం ఇంతకన్నా ఆసక్తికరమైనది. పెద్ద విరాళాలను వదులుకొని, ఖర్చుకు పరిమితి ఒప్పుకొని, చిన్న విరాళాలతో తమ ప్రజాదరణను నిరూపించుకున్న అభ్యర్థులకు ప్రభుత్వమే ప్రచార నిధులివ్వాలన్న 'స్వచ్ఛ ఎన్నికల' చట్టాన్ని 1998లో ఓటర్లు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించారు. శాసనసభ దానిని రద్దు చేయలేదు, డబ్బూ ఇవ్వలేదు. 2002 జనవరిలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నిధులైనా ఇవ్వండి, చట్టాన్నైనా రద్దు చేయండి అని తేల్చి చెప్పింది. సభ రెండూ చేయకపోవడంతో, అభ్యర్థులకు రావలసిన సొమ్ము కోసం ప్రభుత్వ వాహనాలను వేలం వేయవలసి వచ్చింది. ప్రజలు చేసిన చట్టానికి ప్రజాప్రతినిధులు పడ్డ బాకీని రాబట్టడానికి సర్కారు కార్లకు పాట పాడించిన సందర్భాలు ప్రజాస్వామ్య చరిత్రలో అరుదు.

సభ పక్షాన చెప్పదగినది కూడా లేకపోలేదు. అదే ఏడాది నవంబరులో, పన్ను చెల్లింపుదారుల సొమ్మును రాజకీయ ప్రచారాలకు వాడటం మీకు సమ్మతమా అని అడిగిన సలహా ప్రశ్నకు సుమారు నాలుగింట మూడు వంతుల మంది కాదన్నారు. విషయం ఒకటే, అడిగిన తీరు వేరు. ప్రశ్నను రాసే కలం చేతిలో ఉన్నవాడిది ఎప్పుడూ పైచేయే. 2003లో బడ్జెట్ వెంట చట్టం రద్దయింది.

బాక్సు: సీసాకు అయిదు సెంట్లు

శీతల పానీయాల, బీరు సీసాలపై అయిదు సెంట్లు ముందుగా వసూలు చేసి, ఖాళీ సీసా తెచ్చినవారికి తిరిగిచ్చే చట్టం 1981లో గవర్నరు తిరస్కారాన్ని తోసిపుచ్చి నెగ్గింది. మరుసటి ఏడాది ఓటర్లూ దానిని నిలబెట్టారు. మంచినీళ్ల సీసాలకూ విస్తరించాలన్న ప్రతిపాదన మాత్రం 2014లో ప్రజల ఓటులోనే ఘోరంగా ఓడింది. ఆరోగ్య రంగంలో అర్జీదారులకు దక్కిన పెద్ద ఫలితం 2006 నాటి బీమా చట్టం: పౌర సంఘాలు ఒకవైపు సంతకాలు సేకరిస్తూ ఒత్తిడి పెంచగా, గవర్నరు మిట్ రామ్నీ దానిపై సంతకం చేశారు. 2010 నాటి దేశవ్యాప్త ఒబామా చట్టానికి అదే నమూనా అయింది.

ఓటర్లకూ సభకూ మధ్య అలాంటి పేచీ మళ్లీ తలెత్తింది. 2024 నవంబరులో, శాసనసభ లెక్కలను తనిఖీ చేసే అధికారం రాష్ట్ర ఆడిటర్‌కు ఇవ్వాలన్న ప్రతిపాదనను 70 శాతానికి పైగా ఓటర్లు బలపరిచారు. అధికారాల విభజనకు అది విరుద్ధమంటూ సభా నాయకులు ఆడిటర్‌కు పుస్తకాలు ఇవ్వ నిరాకరించారు.