తిరుగుతుంది, తెరుచుకోదు!

పిల్లలూ! తిరుగుతుంది, కాని తెరుచుకోదు. ఏమిటది? ఇదేదో పొడుపుకథ అనుకునేరు. మొన్న వేసవి సెలవులలో మా ఇంట్లో జరిగిన సంగతి ఇది.

మా స్నానాలగది తలుపు పిడి నెల రోజులుగా వదులై కదులుతున్నది. "రేపు చూద్దాంలే" అని నేను రోజూ అనుకునేవాణ్ణి. ఏనాటి పని ఆనాడే చేయాలని బళ్ళో పిల్లలకు చెప్పినవాణ్ణే నేను! ఒక మధ్యాహ్నం ఎనిమిదేళ్ళ మా మనమరాలు ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నది. కాసేపటికి, "తాతయ్యా! పిడి ఊడి నా చేతికి వచ్చేసింది!" అంటూ ఏడుపు వినిపించింది.

పరుగున పోయి బయటి పిడి తిప్పాను. అది గిరగిర తిరిగింది గాని తలుపు కదలలేదు. ఇంటిల్లిపాదీ చేరారు. "తలుపు పగలగొట్టండి" అన్నారొకరు. పగలగొడితే అవతల ఉన్న పిల్లకు తగలదూ?

"ఏడవకు తల్లీ! పిడికి ఇనుపకడ్డీ ఏమైనా ఉన్నదా?" అని అడిగాను.

"ఉంది తాతయ్యా! నాలుగు పలకలుగా ఉంది."

"తలుపుకు కూడా అటువంటి కన్నమే కనబడుతుంది చూడు. కడ్డీని అందులో దూర్చి, పిడిని కిందికి నొక్కు."

ఒక నిమిషం చప్పుడు లేదు. తరవాత 'టక్'మన్నది. తలుపు తెరుచుకున్నది! తెరిచింది ఎవరు? లోపల చిక్కుకున్న పిల్లే!

ఇందులో కిటుకు ఏమిటో చూద్దాం. తలుపు చెక్కలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. అందులోనుంచి ఒక నాలుక ముందుకు వచ్చి ద్వారబంధంలోని గుంటలో కూర్చుంటుంది. దానిని ముందుకు నెట్టేది స్ప్రింగు. వెనక్కు లాగేది కడ్డీ. కడ్డీ గుండ్రంగా ఉంటే కన్నంలో ఊరికే తిరిగేది. నాలుగు పలకలు ఉన్నవి కాబట్టి పెట్టెలోని మీటను కూడా తనతో తిప్పుతుంది. బయటి పిడి మెడలో తలలేని చిన్న స్క్రూ ఒకటి ఆ కడ్డీని నొక్కిపట్టి ఉంచాలి. అది వదులైంది. అందుచేత పిల్ల లాగగానే కడ్డీ లోపలి పిడితోపాటు వెళ్ళిపోయింది.

ఉత్త కడ్డీని వేళ్ళతో తిప్పితే రాదా? లెక్క వేయండి. మా కడ్డీ మందం 8 మిల్లీమీటర్లు. నడిమినుంచి పలకకు 4. పిడి కొసకు 120. అంటే పిడి మన బలాన్ని సుమారు 30 రెట్లు చేస్తున్నదన్నమాట!

తరవాత తాతా మనమరాలూ మరమ్మతుకు కూర్చున్నాం. ముందుగా, తలుపు మూసుకుపోకుండా కుర్చీ అడ్డం పెట్టాం. కడ్డీ దూర్చి, రెండు పిడులనూ తలుపుకు చేర్చి పట్టుకుని, చిన్న స్క్రూను కడ్డీ అంచుమీద కాక, పలకమీద ఆనేటట్లు బిగించాం. పిడి అడుగున ఉన్న రేకు స్క్రూలలో ఒకటి ఎంత తిప్పినా పట్టలేదు. చెక్కలో కన్నం అరిగి పెద్దదైంది. మందు తీసేసిన అగ్గిపుల్లకు జిగురు రాసి అందులో దూర్చి, పైకి మిగిలింది కోసి, ఆరనిచ్చాం. ఈసారి స్క్రూ మరలకు పుల్ల దొరికి గట్టిగా కరుచుకున్నవి.

తలుపు తెరిచి ఉండగానే పిడిని పదిసార్లు నొక్కి, నాలుక పోయి వస్తున్నదో లేదో చూచాం. ఆ తరవాతనే తలుపు మూశాం. అప్పుడు కూడా పిల్ల లోపల, నేను బయట!

మీ ఇంట్లో ఏ పిడి అయినా కదులుతున్నదా? ఇవాళే పెద్దలకు చూపించండి. పెద్దలు మాత్రం నాలాగా "రేపు" అనకూడదు. మా మనమరాలు ఇప్పుడు వారానికొకసారి ఇంట్లో తలుపులన్నీ కదిపి చూస్తున్నది. ఎక్కడైనా స్క్రూ వదులుగా కనబడితే, "తాతయ్యా, రేపు చూద్దామా?" అంటూ స్క్రూడ్రైవరు తెచ్చి నా చేతికిస్తున్నది!