చూస్తున్నారు సరే, ఎవరిని చూస్తున్నారు?

"ఒలింపిక్స్ ఇప్పుడెవరు చూస్తున్నారండీ? మన దగ్గర క్రికెట్ తప్ప ఇంకేం నడుస్తుంది?" ఈ మాట తరచూ వినిపిస్తుంది. లెక్కలు మాత్రం వేరే చెబుతున్నాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ లెక్కలో టోక్యో ఒలింపిక్స్ ప్రసారాలు 305 కోట్ల మందికి చేరాయి. 2024 పారిస్ క్రీడలు దాదాపు 500 కోట్ల మందికి చేరాయి. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచకప్ క్రికెట్ ఫైనల్‌ను ఒక దశలో 5.9 కోట్ల మంది ఒకేసారి హాట్‌స్టార్‌లో చూశారు. జనం చూడటం మానలేదు. అయితే ఏం చూస్తున్నారు, వాళ్లకు ఎవరు చూపిస్తున్నారు అన్నవే మేం ఇక్కడ అడగదలచిన ప్రశ్నలు.

లెక్క వెనక లెక్క

"చేరడం" వేరు, "అనుసరించడం" వేరు. ఫోన్‌లో అర నిమిషం క్లిప్ చూసినా చేరినట్టే లెక్క. అమెరికాలో ఎన్‌బీసీ ప్రసారాలకు టోక్యో క్రీడలప్పుడు రాత్రివేళ సగటున కోటిన్నర మంది మాత్రమే ఉన్నారు. ఒలింపిక్స్ చూసేవాళ్లు తగ్గిపోయారని అప్పుడు చాలామంది రాశారు. పారిస్‌కు వచ్చేసరికి ఆ సంఖ్య 3 కోట్లు దాటింది. ఆటలు జరిగే వేళ కొంత కలిసొచ్చింది. పగటి ప్రత్యక్ష ప్రసారాన్నీ, ఆన్‌లైన్‌లో చూసినవాళ్లనూ కలిపి లెక్కేయడం కూడా ఒక కారణం.

మన దేశంలో ఆట ఇంటికి చేరే దారిని చట్టం కూడా నిర్ణయిస్తుంది. జాతీయ ప్రాముఖ్యం ఉన్న పోటీల ప్రసారాన్ని ప్రైవేటు చానళ్లు ప్రసారభారతితో పంచుకోవాలని 2007లో చట్టం వచ్చింది. పే చానల్‌కు డబ్బు కట్టలేని ఇంటికి కూడా ఆట చేరాలన్నది దాని ఉద్దేశం. కానీ అలా వచ్చిన ప్రసారాన్ని దూరదర్శన్ తన యాంటెనా ద్వారా, తన సొంత డీటీహెచ్ ద్వారా మాత్రమే ఇవ్వాలని, కేబుల్ ఆపరేటర్లకు ఇవ్వకూడదని 2017లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేబుల్ ఉండి స్పోర్ట్స్ చానల్ లేని ఇంటికి ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది ఫోనే. పారిస్ క్రీడలను జియోసినిమా ఉచితంగా చూపించింది. అయినా డేటా ఖర్చు చూసేవాళ్లదే. రోజు కూలీ మీద బతికే వాడలో మూడు గంటల మ్యాచ్ కన్నా ముప్పై సెకన్ల క్లిప్పే ఎక్కువగా నడవడానికి ఇదొక కారణం. క్లిప్‌లో గెలుపు కనిపిస్తుంది, ఓటమి కనిపిస్తుంది. ఆటగాళ్లు ఎక్కడి నుంచి, ఏం దాటుకుని వచ్చారో కనిపించదు.

పతకం తర్వాత కులం

2016 ఆగస్టులో రియోలో పీవీ సింధు రజతం గెలిచింది. ఆ రోజుల్లో ఆమె కులం ఏమిటని గూగుల్‌లో పెద్ద ఎత్తున వెతికారని, అలా వెతికినవాళ్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లు ముందున్నారని పత్రికలు రాశాయి. కోర్టులో ఆమె కొట్టిన స్మాష్‌ను చూసిన కళ్లే ఆ తర్వాత ఆమె కులాన్ని వెతికాయి. గెలిచినవాళ్లను తమ ఖాతాలో వేసుకోవడానికి కులం కావాలి. ఓడినప్పుడు అదే కులం రాయిగా మారుతుంది.

టోక్యోలో జరిగింది అదే. 2021 జులై 31న దక్షిణాఫ్రికా మీద వందనా కటారియా మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి భారత మహిళా హాకీ క్రీడాకారిణి ఆమె. ఆగస్టు 4న సెమీఫైనల్‌లో అర్జెంటీనా చేతిలో జట్టు 2-1తో ఓడింది. హరిద్వార్ దగ్గర రోషనాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చి, చిందులేసి, కులం పేరుతో తిట్టారని, జట్టులో దళితులు ఎక్కువ కావడం వల్లే ఓడిందన్నారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసులు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. నలుగురికీ కనబడేచోట కులం పేరుతో అవమానించడం ఆ చట్టం ప్రకారం నేరం. రెండు రోజులకే కాంస్యం కోసం బ్రిటన్‌తో జరిగిన మ్యాచ్‌లో వందన మళ్లీ గోల్ కొట్టింది. జట్టు 4-3తో ఓడింది.

ఆ వార్తను పెద్ద మీడియా రాయలేదని అనలేం, రాసింది. కానీ "దేశం తలదించుకోవాల్సిన ఘటన" అంటూ దాన్ని ఒక్క రోజు అవమానంగా చూపి ముందుకెళ్లడం సులువు. ఆ వీధిలో ఆ కుటుంబం అంతకు ముందూ బతికింది, ఆ తర్వాతా బతకాలి. కేసు ఏమైందని అడగడం కూడా క్రీడా వార్తే.

ఎవరు రాస్తున్నారు?

ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి 2019లో విడుదల చేసిన అధ్యయనం 121 న్యూస్‌రూమ్ నాయకత్వ పదవులను పరిశీలించింది. వాటిలో 106 ఆధిపత్య కులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. ఇలాంటి న్యూస్‌రూమ్‌లో "పేదింటి బిడ్డ", "మట్టిలో మాణిక్యం" అనే మాటలు తేలిగ్గా దొరుకుతాయి. పేదరికం కనిపిస్తుంది గానీ ఆ పేదరికానికి కులంతో ఉన్న ముడి కనిపించదు. కష్టపడితే ఎవరైనా ఎదగొచ్చన్న నీతి మిగులుతుంది. మైదానం ఎవరి ఊళ్లో ఉంది, హాస్టల్‌లో పెట్టే తిండి పరుగెత్తే పిల్లలకు సరిపోతుందా అన్న ప్రశ్నలు మిగలవు.

ఇది కొత్త జబ్బు కాదు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టులో పల్వంకర్ బాలూ 114 వికెట్లు తీశాడు. చర్మకార కుటుంబం నుంచి వచ్చిన ఆ బౌలర్‌కు హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు అది దక్కింది. క్రికెట్ ప్రియుల్లో బాలూ పేరు తెలిసినవాళ్లు ఈ రోజుకీ ఎంతమంది?

వెలుగు ఎటు పడుతుందో చెప్పే లెక్క ఇంకొకటి ఉంది. పారిస్ ఒలింపిక్స్‌లో భారత్‌కు 6 పతకాలు వచ్చాయి. వెంటనే జరిగిన పారాలింపిక్స్‌లో 29 వచ్చాయి. రెండింటికీ టీవీలో, పత్రికల్లో దక్కిన చోటును పోల్చి చూడండి. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 మేలో కోబెలో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబర్ 3న పారిస్‌లో కాంస్యం గెలిచింది. చిన్నప్పుడు ఊళ్లో ఆమెను ఎలా వెక్కిరించారో చాలామందికి పతకం తర్వాతే తెలిసింది. మేలో వచ్చిన ప్రపంచ రికార్డు సెప్టెంబర్ దాకా ఎంతమందికి తెలుసు?

మనం ఏం చేయొచ్చు?

అనుసరించడం అంటే పదిహేను రోజులు జెండా ఊపడం కాదు. నాలుగేళ్లూ అడుగుతూ ఉండటం. మన మండలంలో మైదానం ఉందా, గురుకులంలో వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులు భర్తీ అయ్యాయా, ఎస్సీ ఉపప్రణాళిక నిధుల్లో ఆటలకు ఎంత పోయింది అన్నవి సమాచార హక్కు దరఖాస్తుతో ఎవరైనా అడగగలిగిన ప్రశ్నలు. వాడలో పరుగెత్తే పిల్ల గురించి జిల్లా పేజీలో నాలుగు లైన్లు రావాలంటే స్థానిక విలేకరికి ఫోన్ చేయాలి. రాయకపోతే మనమే రాయాలి.

2028లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ జరుగుతాయి. అప్పుడూ కోట్ల మంది చూస్తారు. మన పిల్లల్లో ఎవరైనా ఆ తెర మీద ఉంటే, పతకం వచ్చినా రాకపోయినా వాళ్ల ఇంటి ముందు ఎవరూ టపాసులు కాల్చి వెక్కిరించని వీధి ఉండాలి. ఆ వీధి గురించి ఇప్పటి నుంచే రాయాలి.