ఏ దోమ కుట్టింది, తాతయ్యా?

పోయిన వానాకాలంలో మా మనవరాలికి చలిజ్వరం వచ్చింది. రోజు విడిచి రోజు సరిగ్గా మధ్యాహ్నం మూడు గంటలయ్యేసరికి వణుకు మొదలయ్యేది. మూడు రగ్గులు కప్పినా పళ్ళు టకటకలాడేవి. రక్తపరీక్ష చేయిస్తే వైవాక్స్ మలేరియా అన్నారు. మందులు పడ్డాయి, జ్వరం తగ్గింది. పథ్యం తిన్న రోజున ఆ పిల్ల నన్నడిగింది: "తాతయ్యా, నన్ను ఏ దోమ కుట్టింది?"

ముప్ఫై ఏళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై, మాదాపురంలో కొడుకింట్లో ఆరో అంతస్తున కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. "ఆడ అనాఫిలిస్ దోమ" అని పరీక్ష పేపరులో రాసే జవాబే చెప్పాను. "అది ఇంటిపేరు కదా, పేరేమిటి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మా ఎదురుగా ఒక పెద్ద భవంతి లేస్తున్నది. హైటెక్ సిటీ అనగానే బయటి ఊళ్ళవారికి అద్దాల మేడలు కనిపిస్తాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచీ ఇక్కడ కట్టడం పని ఆగిందే లేదు. కట్టడం ఉన్నచోట గొయ్యి ఉంటుంది, గోతిలో నీళ్ళుంటాయి. సెల్లారు కోసం తవ్విన గోతిలో వాన నీళ్ళు, పక్కనే సిమెంటు తడపడానికి కట్టుకున్న తొట్టి నిండా తేటనీళ్ళు. మరునాడు పాలగిన్నె ఒకటి పట్టుకుని తాతా మనవరాలూ బయలుదేరాం. కోడలు "మామయ్యగారూ, మళ్ళీ దోమల్లోకేనా!" అని విసుక్కుంది. పూర్తి చేతుల చొక్కా తొడిగితే గాని పిల్లని పంపలేదు. ఆమె కోపం న్యాయమే.

గిన్నెలో ముంచిన నీళ్ళలో పిల్లపురుగులు గిలగిల్లాడుతున్నాయి. కొన్ని తలకిందులుగా, నీటికి ఏటవాలుగా వేలాడుతున్నాయి. అవి క్యూలెక్స్ పిల్లలు. కొన్ని మాత్రం నీటిమీద చాప పరిచినట్టు అడ్డంగా పడుకున్నాయి. ఆ పడుకున్నవే మనకు కావలసిన అనాఫిలిస్ పిల్లలు. గోతిలోవి ఒక సీసాలో, తొట్టిలోవి మరో సీసాలో పోసి, మూతికి పలచని గుడ్డ కట్టి ఇంటికి తెచ్చాం.

ఇక్కడ ఒకమాట. శాస్త్రజ్ఞుల లెక్కలో దోమ కూడా ఈగే. కీటకాలకు సాధారణంగా నాలుగు రెక్కలుంటాయి. ఈగ జాతికి రెండే. వెనక జత స్థానంలో గుండుసూది తలల్లాంటి రెండు చిన్న కాడలు మిగిలాయి. ఎగిరేటప్పుడు అవే దానికి తూకం తప్పకుండా చూసేవి. ఇంటి ఈగకూ దోమకూ ఇద్దరికీ ఈ కాడలున్నాయి గనుక ఇద్దరూ జ్ఞాతులే.

జ్ఞాతులలో ఎవరు ఎవరో తెలియకపోవడం ఎంత కష్టమో మన ఊళ్ళోనే ఒకాయన అనుభవించాడు. నీలం లైను మెట్రోలో హైటెక్ సిటీ నుంచి బేగంపేట అరగంట లోపు ప్రయాణం. అక్కడ పాత విమానాశ్రయం పక్కన రొనాల్డ్ రాస్ పేరిట పాతభవనం ఒకటి ఉంది. రాస్ సైన్యంలో డాక్టరు. 1895లో సికిందరాబాదు వచ్చాడు. మలేరియా క్రిమిని రోగి రక్తంలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు 1880లోనే చూశాడు. అది మనిషి నుంచి మనిషికి ఎలా చేరుతున్నది? దోమ ప్రమేయం ఉండవచ్చునని లండనులో మాన్సన్ ఊహించాడు. ఆ ఊహ పట్టుకుని రాస్ దోమల్ని రోగుల చేత కుట్టించి, వాటి కడుపులు కోసి చూడసాగాడు.

రెండేళ్ళు గడిచినా ఏమీ దొరకలేదు. కారణం చిన్నది: ఆయన కోసినవి బూడిదరంగు దోమలూ చారల దోమలూ. వాటిలో మనిషి మలేరియా క్రిమి పెరగదు. కాని ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఆనాడు హిందూదేశపు దోమల్ని గుర్తుపట్టించే పుస్తకమే లేదు. జాతులకు పేర్లే సరిగా లేవు. పేరు లేని దొంగను పట్టుకోవడానికి ఊళ్ళో వాళ్ళందరినీ సోదా చేసినట్టుంది ఆయన పని.

1897 ఆగస్టులో ఆయన మనుషులు కొత్తరకం పిల్లపురుగుల్ని తెచ్చారు. వాటి నుంచి రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు వెలువడ్డాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగి, కాటుకు ఒక అణా చొప్పున పుచ్చుకుని, వాటిచేత కుట్టించుకున్నాడు. (పాపం, ఆ అణాలకు నోబెల్ బహుమతిలో వాటా రాలేదు!) ఆగస్టు 20న, ఉక్కలో, దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా ఊపించుకోకుండా, చెమటకు మరలు తుప్పు పట్టిన మైక్రోస్కోపుతో చూస్తూంటే, దోమ కడుపు గోడలో నల్లని చుక్కలున్న గుండ్రని కణాలు కనిపించాయి. మర్నాడు కోసిన దోమలోనూ అవే, కాకపోతే మరికాస్త పెద్దవిగా! ఆ సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ వ్యాసం అచ్చయింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. చిత్రమేమంటే, ప్రపంచానికి దారి చూపిన ఆ దోమ పేరేమిటో ఆ వ్యాసం రాసిననాడు ఆయనకు తెలియదు. "మచ్చల రెక్కల దోమ" అన్నాడంతే.

ఆ పేరు పెట్టే పని తర్వాత చకచక సాగింది. 1901లో ఎలిచ్‌పూర్‌లో పనిచేస్తున్న గ్లెన్ లిస్టన్ అనే డాక్టరు ఏడాది పాటు అక్కడి అనాఫిలిస్ దోమల అలవాట్లు గమనించి, ఒక కొత్త జాతిని వర్ణించాడు. మలేరియా పరిశోధకుడు స్టీఫెన్స్ గౌరవార్థం దానికి అనాఫిలిస్ స్టెఫెన్సై అని నామకరణం చేశాడు. ఎలిచ్‌పూర్ అంటే ఇప్పుడు మహారాష్ట్రలోని అచల్‌పూర్. ఆనాడు బీరారు దేశం. బీరారు పేరుకు నిజాముది, పెత్తనం ఇంగ్లీషువారిది. కాబట్టి ఈ దోమగారి బారసాల మన నిజాం ఇలాకాలోనే జరిగిందనవచ్చు! రాస్ చేతికి చిక్కింది కూడా ఈ జాతే అయివుంటుందని తర్వాతివారు చాలామంది భావించారు.

కొత్త జాతిని వర్ణించడమంటే కవిత్వం కాదు. ఒక నమూనాను సూదికి గుచ్చి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారో చీటీ రాసి, భద్రపరచాలి. దగ్గరి చుట్టాలకూ దీనికీ తేడా ఎక్కడో చెప్పి అచ్చు వేయాలి. ఆ తేడా ఒక్కొక్కప్పుడు ఇసుక రేణువంత. 1937లో స్వీట్, రావు అనే ఇద్దరు ఈ స్టెఫెన్సై గుడ్లకు ఇరుపక్కలా ఉండే తేలుబుడగల మీద గీతలు లెక్కపెట్టి, ఇందులోనే వేరు తెగలున్నాయని చూపారు. గీతలు ఎక్కువున్నది పట్నవాసి. తక్కువున్నది పల్లెల్లో పశువుల రక్తం మరిగినది.

ఇదంతా చాదస్తమనిపిస్తే జిబూటీ సంగతి వినండి. ఆఫ్రికా కొమ్మున ఉన్న ఆ చిన్న దేశంలో 2012లో మలేరియా కేసులు 27. ఇక పోయినట్టే అనుకున్నారు. ఆ ఏడే అక్కడ మన స్టెఫెన్సై కనిపించింది. ఆఫ్రికా పాత దోమలు ఎక్కువగా పల్లెపట్టున బతికేవి. ఇది నీళ్ళ ట్యాంకుల్లో, తొట్లలో, పట్నం నడిబొడ్డున కాపురం పెట్టేది. 2020 నాటికి అక్కడ కేసులు 70,000 దాటాయి.

మా సీసాల సంగతికి వస్తాను. అయిదో రోజున దోమలు వెలువడ్డాయి. తల కిందికి, తోక పైకి పెట్టి, గుడ్డకు ముల్లు గుచ్చినట్టు వాలాయి. పాత లెన్సు తీసి, మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. గోతినీళ్ళ దోమలకూ తొట్టినీళ్ళ దోమలకూ రెంటికీ రెక్కల మీద మచ్చలే, మూతి పక్కనున్న స్పర్శాంగాల మీద తెల్ల కడియాలే. కాని తొట్టిలోని వాటికి కడియాల నడుమా, కాళ్ళ మీదా పిండి చల్లినట్టు తెల్లని చుక్కలున్నాయి. ఆ పిండి లేనిది సబ్‌పిక్టస్. మన లోతట్టు ప్రాంతాల్లో దానివల్ల జ్వరం భయం తక్కువ. పిండి ఉన్నది స్టెఫెన్సై.

"అయితే గోతిది కాదు, తొట్టిది!" అంది మనవరాలు. ఆ కుట్టిన దోమ ఇదే తొట్టిదని నేను ప్రమాణం చేయలేను గాని, ఏ నీళ్ళు ముందు పారబోయించాలో మాత్రం తెలిసింది. పిల్ల చీటీ రాసింది: "మాదాపురం, సిమెంటు తొట్టి" అని, కింద తేదీ, దాని కింద తన పేరు.

సీసా పట్టుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. "దోమలు దోమలే గదా సార్, తొట్టి ఎండగొడితే పని ఆగుతుంది" అన్నాడు. లెన్సు చేతికిచ్చాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. తర్వాత రేకుల షెడ్డు వైపు తిరిగి భార్యను పిలిచాడు. ఆమె చంకలో నాలుగేళ్ళ పిల్లవాడు, ఒంటినిండా దుప్పటి.

"వీడికీ రోజు తప్పించి రోజు చలి పుడుతోంది సార్. వాన నీళ్ళలో ఆడినందుకనుకున్నాం" అంది.

ఆ పూటే పిల్లవాణ్ణి బస్తీ దవాఖానాకు తీసుకువెళ్ళి రక్తం ఇప్పించాం. మేము తిరిగివచ్చేసరికి తొట్టి అడుగు కనిపిస్తున్నది. ఇద్దరు కూలీలు చీపుళ్ళతో గోడలు రుద్దుతున్నారు.